డబ్బా చెప్పిన సాక్ష్యం

గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు పాత బస్టాండు దగ్గరి ఆ మేడమీది గదిలోకి వచ్చిన ముసలమ్మ, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"దొంగలు కుర్చీలల్ల కూసుంటరా బిడ్డా?" అంది మహేశ్వరితో. ఆమె గొంతు వణుకుతోంది. అది భయమో కోపమో మహేశ్వరికి వెంటనే తెలియలేదు. రెండూ అని తరువాత తెలిసింది.

ప్రైవేటు డిటెక్టివ్ దత్తాత్రి తన కుర్చీలోంచి లేచి వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. యాభై దాటిన బక్కపలచని మనిషి. ఎదుటివాళ్లు నిలబడి ఉంటే తను కూర్చోడు. మూడేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న మహేశ్వరికి ఆయనలో నచ్చే గుణాల్లో అదొకటి.

"పేరేందవ్వా?"

"పోచవ్వ. రాజం సావుకారి ఇంట్ల ఇరవై ఏండ్ల సంది కండెలు చుడ్తున్న."

విషయం ముక్కలుముక్కలుగా బయటికి వచ్చింది. రాజం ఇంటి వెనక షెడ్డులో నాలుగు చేమగ్గాలున్నాయి. వాటికి నూలును చిన్న గొట్టాలకు చుట్టి అందించడం పోచవ్వ పని. రాజం తల్లి నేసిన పాత గొల్లభామ చీర ఒకటి స్టోరు గది బీరువాలో ఉండేది. తలమీద కుండతో నడిచే ఆ బొమ్మను పోగులు లెక్కపెట్టి నేయడానికి ఇప్పటికీ ఆ చీరనే ముందు పెట్టుకుంటారు. మంగళవారం పొద్దున చూస్తే అది లేదు. బుధవారం వాడకట్టు అంతా చూస్తుండగా పోచవ్వ సంచిని రోడ్డుమీద గుమ్మరించారు. ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా చీర తెచ్చివ్వకపోతే పోలీసులకు పట్టిస్తామన్నారు.

"నీమీదనే అనుమానం ఎందుకొచ్చింది?"

"అనుమానం కాదు సారూ. డబ్బా చెప్పిందట! వైఫై డబ్బా. సోమవారం అమాస నాడు నేను గా స్టోరు అర్రల తిరిగిన్నంట. నా పేరు పెట్టి చెప్పిందట."

అంతలో ఆమె బొడ్డు సంచిలో ఫోను మోగింది. తీసి చెవికి పెట్టుకుంది. రాజం అరుపు గది అంతా వినబడింది. "ఐదు దాటనియ్య పోచవ్వా, చెప్తున్న!"

దత్తాత్రి ఆ ఫోను వంక చూశాడు. అంకెలు అరిగిపోయిన బటన్ల ఫోను.

"ఇంకో ఫోనున్నదా అవ్వా?"

"గిదే సారూ. ఆరేండ్ల సంది."

"నడువున్రి," అన్నాడు దత్తాత్రి. అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

రాజం ఇంట్లో వాళ్లకు స్వాగతమేమీ దొరకలేదు. రాజం భారీ మనిషి. ఇల్లాలు ప్రసూన తలుపు పట్టుకుని నిలబడింది. ఆమె తమ్ముడు రమేశ్ మాత్రం నవ్వుతూ ఎదురొచ్చాడు. మెదక్ రోడ్డులో ఇంటర్నెట్ కనెక్షన్ల దుకాణం అతనిది. ఈ ఇంట్లో వైఫై పెట్టింది అతనే.

"మెష్ అంటరు సార్ దీన్ని. హాల్ల ఒకటి, మగ్గాల షెడ్డుల ఒకటి, స్టోర్ల ఒకటి. మూడు డబ్బలు కలిసి ఒకటే వైఫై. మనిషి కదిలితే సిగ్నల్ కదుల్తది, డబ్బ పట్టుకుంటది. అట్టపెట్టె మీదనే రాసుంది చూడున్రి."

నిజమే. 'ఇంట్లో ఎవరు కదిలినా మీకు తెలుస్తుంది' అని బొటనవేలంత అక్షరాలతో ఉంది. ఆ వాక్యం చివర చిన్న నక్షత్రం గుర్తు కూడా ఉంది. దత్తాత్రి పెట్టెను తిరగేసి అడుగున చీమల్లాంటి అక్షరాలను చూశాడు. చీరలో పోగులు లెక్కపెట్టడానికి రాజం వాడే చిన్న భూతద్దం కిటికీలో ఉంటే, అడిగి తీసుకుని చదివాడు. పెదవి విప్పకుండా తిరిగి ఇచ్చేశాడు.

"డబ్బా చెప్పింది చూపియ్యి."

రమేశ్ తన ఫోనులో దాచుకున్న ఫోటో చూపించాడు. 'కదలిక: స్టోరు గది. వ్యక్తి: పోచవ్వ. సోమవారం, మధ్యాహ్నం 2:40.' మహేశ్వరి అది రెండుసార్లు చదివింది. ఇంత స్పష్టంగా ఉంటే ముసలమ్మను ఎవరు నమ్ముతారు?

"సోమవారం ఇంట్ల ఎవరున్నరు?" అని అడిగాడు దత్తాత్రి.

"అమాస నాడు మేం మగ్గం ముట్టం సార్," అంది ప్రసూన. "నేతగాండ్లు ఎవ్వరూ రారు. మేమిద్దరం వర్గల్ గుడికి పోయినం. పోచవ్వ ఒక్కతే మగ్గాల కింద ఊడ్వ వచ్చింది. ఇంటి తాళం ఆమెకే ఇచ్చినం. స్టోరు తాళం వంటింట్ల మేకుకు ఉంటది."

"నేను పెరట్ల మగ్గం పలకలు కడుగుతుంటి తల్లీ! ముంగటి తలుపు తెరిచే ఉండె. అర్ర దిక్కు పోలె," అంది పోచవ్వ.

"ఆపు!" అన్నాడు రాజం. "డబ్బకు నీమీద పగనా? అది అబద్ధం చెప్తదా?"

మహేశ్వరికి ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి నోరు మూయించడానికి మూడు నెలల ప్లాస్టిక్ డబ్బా చాలింది వీళ్లకు. ఏదో అనబోయింది. దత్తాత్రి కంటితోనే వద్దన్నాడు.

"రమేశ్, సోమవారం నువ్వేడున్నవు?"

"తొగుటల సార్. పొద్దటి సంది పొద్దూకే దాక కనెక్షన్లు పెట్టిన."

"సోమవారం వచ్చిన మెసేజు బుధవారం దాక ఎందుకు చెప్పలె?"

"పనిల పడి చూస్కోలె సార్. నిన్న పొద్దుగాల అప్‌డేట్ ఎక్కియ్య వచ్చినప్పుడు కనవడ్డది. ఫర్మ్‌వేర్ అంటరు. డబ్బ లోపలుండే సాఫ్ట్‌వేర్. కంపెనీ కొత్తది పంపితే మనం ఎక్కియ్యాలె."

"ఇంతకుముందు ఎన్నిసార్లు ఎక్కించినవు?"

"పెట్టి మూడు నెలలే కద సార్. గదే మొదటిది."

దత్తాత్రి తలూపి, రాజం ఫోను అడిగి తీసుకున్నాడు. డబ్బాల యాప్ అందులోనూ ఉంది. "ఉన్నదిగని నాకేం తెల్వది, బామ్మర్దే పెట్టిచ్చిండు," అన్నాడు రాజం. దత్తాత్రి గుమ్మంలో నిలబడి పావుగంట ఆ యాప్‌ను పైకీ కిందికీ జరుపుతూ చూశాడు. తరువాత అందరినీ మగ్గాల షెడ్డులోకి రమ్మన్నాడు. అప్పటికి నాలుగున్నర అయింది.

"ముందు ఈ డబ్బా ఎంత తెలివిగలదో చూద్దాం," అన్నాడు. "ఎవరూ కదలకున్రి. ప్రసూనమ్మా, స్టోర్ల ఫ్యాను వేసి రా తల్లీ."

ఆమె వెళ్లి వచ్చి నిలబడింది. నిమిషం గడిచింది. దత్తాత్రి చేతిలోని ఫోను కుయ్యిమంది. 'ఇంట్లో కదలిక.' అంతే. ఏ గదో చెప్పలేదు, ఎవరో చెప్పలేదు. మళ్లీ కుయ్యిమంది.

"మనమందరం బొమ్మల్లాగ నిలబడ్డం. స్టోర్ల తిరుగుతున్నది ఫ్యాను. ఏం రాజం, ఫ్యానును పోలీసులకు పట్టిద్దామా?"

దత్తాత్రి గొంతు మొదటిసారి పెరిగింది.

"ఈ డబ్బాకు పేరు పెట్టి మనిషిని చెప్పే శక్తి ఇయ్యాల కూడ లేదు. ఈ యాప్‌లనే రాసుంది. పోచవ్వ దగ్గరున్నది బటన్ల ఫోను, వైఫైకి కలిసేదే కాదు. ఆమె పేరు డబ్బాకెట్ల తెలుసు? ఇంకొకటి విను. పెట్టె మీద పెద్దక్షరాలల్ల గొప్పలు చెప్పి, నక్షత్రం పెట్టి, కింద కంటికానని అక్షరాలల్ల ఏం రాసిన్రో నీ అద్దంతోనే చదివిన. 'ముందు ముందు వచ్చే అప్‌డేట్‌తో లభిస్తుంది' అట! లేని వస్తువును ఉన్నట్టు అమ్మిన్రు. ఆ అప్‌డేట్ ఎప్పుడెక్కింది? నిన్న, బుధవారం, పదకొండు గంటలకు. యాప్‌ల తారీకుంది, రమేశ్ నోటితోని ఒప్పుకున్నడు. సోమవారం నాడు ఈ డబ్బాలకు కదలిక అంటే ఏందో తెల్వది. తెల్వని డబ్బా మెసేజెట్ల పంపింది?"

రమేశ్ మొహంలో నవ్వు ఆరిపోయింది.

"ఆ ఫోటో నువ్వే తయారుచేసినవు. ఎవరన్నా డబ్బాను పరీక్ష చేస్తే కదలిక పేజీ ఉండాలె కద, అందుకే అప్‌డేట్ ఎక్కించినవు. అందరిలెక్క నువ్వు కూడ అట్ట మీది మాట నమ్మినవు. పేర్లు కూడ వస్తయనుకున్నవు. మీ దుకాణంల రోజూ చెప్పే అబద్ధం నీకే నిజమయ్యింది."

"నేనెందుకు చేస్త సార్? నేను తొగుటల..."

"ఏ ఫోను ఎప్పుడు కలిసిందో ప్రతి డబ్బా రాసిపెట్టుకుంటది. దాన్ని పెట్టె మీద గొప్పగ అచ్చు వెయ్యరు, అది ఉత్తి మామూలు పని. అప్‌డేట్‌తోని పాతది తుడుచుకపోతదనుకున్నవు. పోలె. సోమవారం రెండుంబావుకు నీ ఫోను స్టోరు డబ్బాకు కలిసింది. మూడుకు పది తక్కువకు పోయింది. ఇగో, నీ పేరు."

రాజం ఫోను లాక్కుని చూశాడు. ప్రసూన కూడా తొంగిచూసి, తమ్ముడి చెంప ఛెళ్లుమనిపించింది.

అప్పుడు రమేశ్ ఒప్పుకున్నాడు. చీర అతని దుకాణంలో ఖాళీ రౌటర్ పెట్టెలో ఉంది. దాన్ని చూసి పవర్‌లూమ్ మీద వేలకొద్దీ దించుతానని, డబ్బిస్తానని పట్నం నుంచి ఒకడు అడిగాడట. నెల రోజుల పని ఒక్క పూటలో దించితే ఈ నాలుగు మగ్గాలు ఏమవుతాయో అతనికి తెలియక కాదు. తెలిసే ఒప్పుకున్నాడు. ఆ మాట విన్నాక మహేశ్వరికి జాలి అనేదే మిగల్లేదు.

రాజం పోచవ్వ వైపు తిరిగాడు. "తప్పైంది పోచవ్వా. మనసుల పెట్టుకోకు. రేపు పొద్దుగాల పనికి రా."

పోచవ్వ కదల్లేదు. "ఎన్ని ఇండ్లల్ల నన్ను దొంగ అన్నవు?"

"ఏమో... పది, పదకొండు."

"నడువు. గా పదకొండు ఇండ్లకు నాతోని నడువు. ప్రతి గడపల నిలవడి, నేను దొంగను కాదని నీ నోటితోని చెప్పు."

రాజం భార్య వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది. దత్తాత్రి వైపు చూశాడు. ఆయన గుమ్మానికి అడ్డం తప్పుకుని దారి ఇచ్చాడు. ఆ భారీ మనిషి చెప్పులు వేసుకున్నాడు.

మహేశ్వరి వాళ్ల వెనకే నడిచింది. మొదటి ఇంట్లో రాజం గొణిగాడు. "ఇనవడలె," అంది పోచవ్వ. మళ్లీ చెప్పించింది. ఆరో ఇంటి దగ్గర అతను, "ఇగ చాలు పోచవ్వా," అన్నాడు. అయినా ఆమె వదల్లేదు. పదకొండో గడప దిగాక అతను చేతులు జోడించి, "ఇగనన్నా రేపు వస్తవా?" అని అడిగాడు.

"ఇరవై ఏండ్లు నీ ఇంట్ల పనిచేసిన. తీసినవా పోచవ్వా అని ఒక్కసారి నన్ను అడగక పోతివి. డబ్బను అడిగినవు," అంది పోచవ్వ. "రేపటి సంది నీ కండెలు గా డబ్బనే చుట్టనీ."

సంచి చంకలో పెట్టుకుని తన ఇంటి దారి పట్టింది.