చేతి పట్టు

బాత్‌రూముల్లో ముసలివాళ్లు పట్టుకునేందుకు గోడకి స్టీలు కడ్డీలు బిగించడం నా పని. తలదెబ్బల వార్డులో నర్సులంతా నన్ను కడ్డీల బాబాయ్ అంటారు. పదేళ్ల కిందట ఆ వార్డు నిండా బైకుల మీంచి పడ్డ కుర్రాళ్లే ఉండేవారు. హెల్మెట్లు వచ్చాక వాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడు మంచాల మీద దాదాపు అందరూ పెద్దవాళ్లే, ఇంట్లో కాలుజారి పడ్డవాళ్లు. వాళ్లని ఇంటికి పంపేముందు పెద్ద నర్సు నన్ను ఆ ఇంటికి పంపుతుంది.

ఆ రోజు ఒక రిటైరైన టీచరమ్మ దగ్గరికి వెళ్లాను. తలకి కట్టు, మెడదాకా దుప్పటి.

“కడ్డీ ఏ గోడకి బిగించమంటారమ్మా?”

“ఉందిగా నాయనా,” అందావిడ గుసగుసగా. “దాన్ని పట్టుకునే పడ్డాను.”

తలకి దెబ్బ తగిలినవాళ్ల మాటలు నాకు కొత్త కాదు. సరేనమ్మా అని బయల్దేరాను.

మిట్టమధ్యాహ్నం. వాళ్ల కోడలు తలుపు తీసింది. అత్తగారికి క్యారేజీ పట్టుకెళ్లే హడావుడిలో ఉంది.

“గంటలో వచ్చేస్తాను. బయట తాళం వేసుకుని వెళ్తాను, ఏమీ అనుకోకండి.”

“పాఠం అప్పజెప్పనివాణ్ని గదిలో పెట్టినట్టుందమ్మా,” అన్నాను. నవ్వేసి వెళ్లిపోయింది.

బాత్‌రూమ్ ఇరుకు. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. కిటికీ లేదు. గోడలు బోసిగా ఉన్నాయి. కడ్డీ మాట అటుంచి, తువ్వాలు తగిలించే కొక్కెం కూడా లేదు. నేల పొడిగా ఉంది. తడిసిన సున్నం వాసన, దాని వెనక అరిగిపోయిన సబ్బు వాసన. కొలిచి, పెన్సిలుతో గుర్తు పెట్టాను. మొదటి చిల్లు సగం దిగిందో లేదో కరెంటు పోయింది. డ్రిల్లింగ్ మిషన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో నా వెనక బాత్‌రూమ్ తలుపు నెమ్మదిగా మూసుకున్న చప్పుడు.

తోశాను. రాలేదు. గడియ తడిమాను... తీసే ఉంది. భుజంతో కుమ్మాను. అవతల ఎవరో వీపు ఆనించి కూర్చున్నట్టు, తలుపు కాస్త బయటికి వంగి మళ్లీ బిగుసుకుంది. అరిచాను. వినడానికి ఇంట్లో ఎవరున్నారు? ఫోను హాల్లో ఉంది.

అప్పుడు నా మోచెయ్యి కింద ఒక చెయ్యి పడింది. మెత్తగా... ముసలివాళ్లని నడిపించేవాళ్లు పట్టుకున్నట్టు.

“మెల్లిగా...” చెవి పక్కనే. “పడతావు.”

వెనక్కి తిరగలేదు. గోడకి అతుక్కుపోయాను. కుడిచెయ్యి చీకట్లో టైల్స్ మీద పాకింది. కడ్డీ దొరికింది. చల్లగా, గట్టిగా, సరిగ్గా నేను గుర్తు పెట్టిన చోట. ప్రాణం లేచొచ్చింది. దాన్నే పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఒకసారి... రెండుసార్లు...

మూడోసారికి గుర్తొచ్చింది.

కడ్డీ ఇంకా బిగించలేదు. హాల్లో, అట్టపెట్టెలోనే ఉంది.

వదలబోయాను. వేళ్లు రాలేదు.

“పట్టుకో,” అందది.

తర్వాత ఒక్క లాగు లాగింది. కాళ్ల కింద నేల పొడిగానే ఉంది. అయినా పడ్డాను.

కళ్లు తెరిస్తే తలదెబ్బల వార్డు. తలకి ఏడు కుట్లు. కోడలు తిరిగొచ్చేసరికి బాత్‌రూమ్ తలుపు బార్లా తెరిచే ఉందట. మంచానికి ఒకవైపు మా ఆవిడ, ఇంకోవైపు పెద్ద నర్సు. నర్సు నా కుడి పిడికిలి విప్పాలని తంటాలు పడుతోంది.

“వదులు బాబాయ్. వేళ్లు తెరువు.”

“రావట్లేదమ్మా.”

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “ఈ మధ్య ఇళ్లలో పడి వచ్చేవాళ్లందరూ ఇంతే. చెయ్యి బిగించుకునే వస్తున్నారు. ఆ కుర్రాళ్ల రోజుల్లో ఇలా ఉండేది కాదు.”

తల తిప్పి చూశాను. తొమ్మిది మంచాలు. దుప్పట్ల మీద తొమ్మిది పిడికిళ్లు.

మా ఆవిడ నా పిడికిలిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. “లోపల ఏముందండీ?”

“ఏమీ లేదు,” అన్నాను.

అప్పుడే లోపల్నుంచి ఏదో నా వేళ్లని తిరిగి నొక్కింది.