చెక్క మందం

నూకాచారికి ఒళ్లు మండేది కోరాడ శేషగిరి మీద. నేలనాడి ఆఫీసులో చల్లగా కూర్చుని "యంత్రం తప్పు రాయదు ఆచారీ" అన్నవాడు అతనే. ఆ మాట విన్నప్పటినుంచి నూకాచారికి ముద్ద దిగడం లేదు.

జరిగింది ఇదీ. ఆరోజు పొద్దున్న తన పెరట్లో, తాను చేసిన చెక్క మడికి నీళ్లు పెడదామని కుళాయి కింద చెయ్యి పెట్టాడు. చుక్క రాలలేదు. మడి మూల దిగేసి ఉన్న జానెడు మేకు మర్యాదగానే చెప్పింది: "ఈ మట్టి సన్యాసమ్మగారిది. నీరు ఆవిడ చేతికే వస్తుంది."

నేలనాడి అంటే ఆ మేకే. భూములు కొని బీళ్లుగా వదిలేసేవాళ్ల ఆట కట్టించడానికి ముప్పై ఏళ్ల కిందట ప్రతి పెరట్లోనూ, ప్రతి పొలంలోనూ పాతారు. విత్తు నొక్కిన వేలి చెమటను అది పసిగడుతుంది. కొత్తగా పోసిన మట్టిలో మొదటి విత్తు ఎవరు వేస్తే ఆ మట్టి వాళ్లది. కూలి చెమటను ఆసామి కాజెయ్యకూడదని పెట్టిన షరతు. మంచిదే. కానీ ఆ షరతు రాసినవాళ్లెవరూ నూకాచారి వీధిలో కాపురం చెయ్యలేదు.

అతని పెరడంతా ఉప్పు నేల, గడ్డి కూడా మొలవదు. అందుకని పాత టేకు తలుపులు కోసి, చిత్రిక పట్టి, ఒక్క మేకు కొట్టకుండా చెక్కలో చెక్క దిగేసి, ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు మడి కట్టాడు. ఏటి ఒండ్రు తట్టలతో మోసి నింపాడు. నెల పట్టింది, నడుం పడిపోయింది. ఆ వీధిలో అంతకుముందు కొత్త మట్టి పోసుకున్నవాళ్లెవరూ లేరు. తీరా గింజలు వేసేనాడు, ఆ వీధి ఆనవాయితీ ప్రకారం, చేతివాసి ఉన్న మనిషిని పిలిచాడు. రెండిళ్ల అవతల గారెలు వేసి అమ్ముకునే సన్యాసమ్మ. ఆవిడ బెండ గింజలు నొక్కి, వరాలు ఇచ్చిన టీ తాగి వెళ్లింది. వరాలు నూకాచారి భార్య.

సంగతి తెలిసి సన్యాసమ్మే ముందు ఏడ్చింది. ఇద్దరూ కలిసి ఆఫీసుకు వెళ్లారు. మట్టిని తిరిగి ఇచ్చెయ్యడం కుదరదన్నాడు శేషగిరి. ఇష్టంగానే ఇచ్చామని కూలీల చేత ఆసాములు బలవంతంగా చెప్పించేవాళ్లట వెనకటికి. నెల రోజుల తన కష్టం లెక్కలోకి రాదా అని నూకాచారి అడిగితే, చెక్క నేల కాదు, మేకుకు చెక్కతో పని లేదు అన్నాడు. ఒక్కటే దారి ఉందట. సన్యాసమ్మ దొంగతనంగా పెరట్లో దూరి గింజలేసిందని ఒప్పుకోవాలి. అప్పుడు ఆ చెయ్యి దొంగచేతుల జాబితాకు ఎక్కుతుంది. ఇక ఏ మడి కుళాయీ దానికి నీళ్లివ్వదు.

సన్యాసమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని బల్ల మీద పెట్టింది. "రాసెయ్ బాబూ. దొంగతనంగానే ఏసినాను. అన్న మడి అన్నకి ఇచ్చెయ్."

నూకాచారి ఆ చేతిని పట్టుకుని బల్ల మీదనుంచి లాగేశాడు. "గుమ్మంలోకొచ్చి పిల్సినోణ్ని నాను. టీ ఇచ్చింది నా పెళ్లాం. దొంగని రాత్తే మా ఇద్దర్నీ రాయి, దీన్ని కాదు."

"అయితే మడి వదులుకో" అని శేషగిరి కాగితం ముందుకు తోశాడు. ముప్పై రెండు చదరపు అడుగులు అని ఉంది.

నూకాచారి మూడో తరగతితో బడి మానేశాడు గానీ కొలత దగ్గర అతన్ని ఎవరూ మోసం చెయ్యలేరు. జేబులోంచి టేపు తీసి బల్ల మీద పడేశాడు. "సెక్క నేల కాదన్నావు గదా. అంగుళం మందం. నాలుగు పక్కలా తీసి రాయి."

శేషగిరి నవ్వాడు. నూకాచారి కుర్చీలోంచి లేవలేదు. మధ్యాహ్నం దాకా కూర్చుని తిరగరాయించాడు.

వీధిలో ఇప్పుడు సన్యాసమ్మను గింజలు వెయ్యడానికి ఎవరూ పిలవడం లేదు. ఆవిడ కనబడితే పెరటి తలుపులు దగ్గరగా వేసుకుంటున్నారు, చిన్నప్పటినుంచి ఆవిడ చేత్తో వేసిన పాదుల కూర తిన్నవాళ్లే. నూకాచారి ఒక్కడి తలుపే బార్లా తీసి ఉంటుంది. ఆవిడ పొద్దున్నే వచ్చి, కుళాయి కింద చెయ్యి పెట్టి నీళ్లు పడుతుంది. బెండకాయలు కోసి, చెక్క అంచు మీదుగా అతనివైపు జారవిడిచి వెళ్లిపోతుంది. చెక్క అతనిది.

పోయింది మట్టి. ముప్పై చదరపు అడుగుల నాలుగు చదరపు అంగుళాలు.