ఎడమపక్క కుర్చీ

పొద్దున్నే ఆయన పళ్లెం ముందు కూర్చున్నాడు. ఆమె ఎప్పటిలాగే ఆయనకి ఎడమపక్క కుర్చీ లాక్కుని, టీ గ్లాసు అటు జరిపింది.

"ఆదివారం మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. మళ్లీ ఎప్పుడొస్తానో తెలీదు," అని మెల్లగా అంది.

ఆయన తలెత్తలేదు. తిన్నాడు, టీ తాగాడు, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

వారంలో ఈ మాట చెప్పడం మూడోసారి. వద్దనలేదు, పొమ్మని కూడా అనలేదు. ఏడాదిన్నరగా ఇదే వరస. పిల్లలు ఏమడిగినా పలుకుతాడు. ఆమె అడిగితే మాత్రం గోడకి చెప్పినట్టే. గుమ్మం పక్కన కుట్టుమిషన్ తొక్కుతున్నంతసేపూ ఆమె మనసులో ఒకటే మాట తిరిగేది: ఈయనకి నేనంటే లెక్కలేదు. బట్టలు సర్దిన సంచి ఒకటి అప్పటికే మంచం కింద చేరింది.

ఆయన మెకానిక్. పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపం ఎక్కడుందో చెప్పేస్తాడు. వీధిలో అందరూ ఇంజన్ డాక్టరనే పిలుస్తారు. శబ్దం విషయంలో ఆ ఇంట్లో ఆయన మాటకి తిరుగులేదు.

అందుకే కూతురు ఆయన దగ్గరే పంచాయితీ పెట్టింది. ఆ పిల్ల ఇంట్లో కూర్చునే ఒక కంపెనీకి వచ్చే ఫోన్లు మాట్లాడుతుంది.

"నాన్నా, నాకు వైర్లెస్ ఇయర్‌బడ్స్ కావాలి. నిన్న ఒకావిడ, ఏమ్మా, ఫ్యాక్టరీలో కూర్చున్నావా అని అడిగింది. అమ్మ మిషన్ ఆగదు, నా ఫోన్ ఆగదు. మైకు మంచిదై ఉండాలి."

కొడుకు అందుకున్నాడు. "మైకుదేముంది. నా గేముకి శబ్దం ఆలస్యం కాకూడదు. అవతలివాడు కాల్చిన ఇంతసేపటికి నాకు చప్పుడు వినపడితే, అప్పటికే నేను పోయుంటాను."

"పోతే మంచిదేగా, పుస్తకం ముట్టుకుంటావు," అంది కూతురు.

"కుడుతూ పాటలు వినడానికి నాక్కూడా పనికొస్తాయి. చెవిలోంచి జారకపోతే చాలు," అంది ఆమె.

ఆయన కూతురి వైపే చూస్తున్నాడు. "అమ్మకి పాటలట నాన్నా," అని ఆ పిల్ల అంటే అప్పుడు తిరిగి, "అలాగా. నోరు విప్పి అడగొచ్చుగా," అన్నాడు.

ఆమెకి ఒళ్లు మండింది. లేచి వెళ్లి మిషన్ తొక్కింది.

అందరికీ పనికొచ్చే జత ఒకటి వెతికి తెచ్చారు. మొదట ఆయనే పెట్టుకుని చూశాడు. "కుడిది బాగుంది. ఎడమది మూగది," అన్నాడు. వాడినట్టు కనిపిస్తే మార్చరని మిగతావాళ్లెవరూ ముట్టుకోలేదు. కొడుకు వెళ్లి మార్చుకొచ్చాడు. రెండోదాన్లోనూ ఎడమది మూగదే అన్నాడు ఆయన.

"దారిలో కింద పడేసుంటావురా," అంది కూతురు తమ్ముడితో.

"నువ్వే ఏరికోరి చచ్చు కంపెనీది ఎంచావు."

శనివారం నలుగురూ కొట్టుకి వెళ్లారు. కొట్టతను మూడో జత విప్పి, తన చెవుల్లో పెట్టుకుని చూసి, తుడిచి ఆయనకిచ్చాడు. కూతురి ఫోన్లో పాట మొదలైంది.

"ఎడమది పలకట్లేదు," అన్నాడు ఆయన.

"ఇప్పుడే కదన్నా నేను విన్నాను. రెండూ పలుకుతున్నాయి."

"ముప్ఫయ్యేళ్లుగా ఇంజన్లు విని బతుకుతున్నవాణ్ణి. శబ్దం గురించి నాకు చెప్తావా? చెడిపోయిన సరుకంతా మాకే అంటగడుతున్నావు."

కొట్టంతా ఇటు తిరిగింది. ఆమెకి తల కొట్టేసినట్టయింది. గొడవ తెగ్గొడదామని ఆయన ఎడమ చెవిలోది తీసి తన చెవిలో పెట్టుకుంది.

పాట గలగలా వినపడుతోంది.

ఆమె ఆయన వైపు చూసింది. కుడి చెవిలోది తీసేసి, తన చేతిలో ముక్కని ఆ చెవికి ఆనించింది.

"ఇప్పుడు పలుకుతోంది," అన్నాడు.

అప్పటిదాకా బాగుందన్న కుడి ముక్కని ఎడమ చెవికి ఆనించింది. ఆయన కాసేపు ఆగి, "పాట అయిపోయిందా?" అన్నాడు.

కూతురు ఫోన్ వైపు చూసింది. పాట ఇంకా సగం కూడా కాలేదు.

ఆమెకి భోజనాల బల్ల దగ్గర తన కుర్చీ గుర్తొచ్చింది. ఆయన పేపరు చదివే చోటికి ఎడమవైపున ఉన్న తన మిషన్ గుర్తొచ్చింది. ఈ ఏడాదిన్నరా తను మాట్లాడిన మాటలన్నీ ఆ చెవి దగ్గరే ఆగిపోయాయి. కళ్లు తుడుచుకోవడానికి అటు తిరిగింది.

ఇంటికి నడుస్తుంటే ఆయన మెల్లగా అన్నాడు. "తెలిస్తే మిమ్మల్ని ఇన్నిసార్లు తిప్పుతానా?"

ఆమె నడక ఆపి, ఆయన కుడిపక్కకి వచ్చింది. "స్క్రూడ్రైవర్ ఏ చెవికి పెట్టుకుంటున్నారు?"

"ఇదివరకు ఎడమకే. ఎప్పుడో కుడికి మార్చాను. ఎందుకు మార్చానో ఆలోచించలేదు. గ్యారేజీలో తెలిస్తే ఇంక నన్ను డాక్టరని ఎవడంటాడు," అన్నాడు.

"కుడిది ఉందిగా. సోమవారం అసలు డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తాను."

ఆ జతే ఉంచేసుకున్నారు. పగలు కూతురి ఫోన్లకి, సాయంత్రం గంటసేపు కొడుకు ఆటకి, మిగతా వేళ ఆమె పాటలకి అని వంతులేసుకున్నారు. రెండువైపుల శబ్దమూ ఒకే చెవిలో వచ్చేలా నాన్న ఫోన్లో ఏదో నొక్కి సరిచేసింది మాత్రం కొడుకే. ఎవరూ చెప్పలేదు, వాడే వెతుక్కున్నాడు.

మర్నాడు పొద్దున ఆమె కుర్చీ ఎత్తి ఆయన కుడిపక్కన వేసింది.

"అమ్మా, అది నా చోటు."

"నువ్వటు పోరా," అని కొడుకుని లేపి కూర్చుంది. గొంతు పెంచకుండా, ఎప్పటిలాగే అంది. "ఏవండీ, ఆదివారం అక్క దగ్గరికి వెళ్లిపోతానని మూడుసార్లు చెప్పాను."

ఆయన చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. "ఎందుకు?"

ఆ ఒక్క మాట కోసమే ఇన్నాళ్లూ చూసింది.

"మీరు పలకట్లేదని."

ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. "ఇవాళ ఆదివారమే కదా. మరి వెళ్తావా?"

ఆమె టీ గ్లాసు ఆయన ముందుకి జరిపింది.

"మంచం కింద సంచి ఉంది. బట్టలు తీసేస్తాను, అటక మీద పెట్టండి. నాకందదు."