పన్నెండు వందల ఒకటో సైనికుడు

1998 మార్చి 12, గురువారం. ఉదయం పదకొండు ఇరవై.

శవం లేదు. రక్తం లేదు. పోయిన వస్తువంటూ లేదు. ఒక మనిషి ఎక్కువయ్యాడు, అంతే.

పోయినవాళ్లని వెతకడంలో వెంకటనర్సయ్యది ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఎస్సైగా రిటైరై, బోరబండలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. భార్య ఎల్లమ్మ పోయి నాలుగేళ్లయింది. ఇంట్లో ప్రశ్న వేస్తే జవాబిచ్చే దిక్కు లేదు. అందుకే ప్రశ్నలన్నీ కేసులకి దాచుకుంటాడు.

ఫిలింనగర్‌లో గ్రాఫిక్స్ స్టూడియో. కంప్యూటర్ తెర మీద యుద్ధం. నీలం తలపాగాల సైనికులు పన్నెండు వందలమంది. చివరి బాణం పడగానే అందరూ కూలిపోయారు. ఒక్కడు కూలలేదు. ఎర్ర తలపాగా చుట్టుకున్న బక్కపలచని ముసలివాడు, చివరి వరుసలో నిలబడి ఇటే చూస్తున్నాడు.

“సాయంత్రం ఐదింటికి డైరెక్టరుగారొస్తారు,” అన్నాడు ఓనరు సూర్యప్రకాశరావు. “ఎవరో కావాలని చెడగొట్టారు నర్సయ్యగారూ. కొత్తగా వచ్చిన ఈ అమ్మాయి మీదే నా అనుమానం. మీరు ఊ అంటే పోలీస్ కంప్లయింటు ఇచ్చేస్తా.”

కుర్చీ అంచున మంజులత. ఇరవై రెండేళ్లుంటాయి. మంగళవారమే ఉద్యోగంలో చేరింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి.

“నేనేం చేయలే సార్. యుద్ధం ఆఖరి దాకా నడిపి చూడుమన్నరు. నడిపిన. గంతే.”

“ఇంతకుముందు ఎవరూ నడపలేదా?” అడిగాడు వెంకటనర్సయ్య.

“ఆఖరి భాగం ఇదే మొదటిసారండీ,” అన్నాడు మూలనున్న కాశీవిశ్వనాథం. సీనియర్ ప్రోగ్రామర్. నలభై దాటిన మనిషి. “వాళ్లు పడిపోయేదాకా చివరి వరుస కనపడదు. అంత గుంపులో ఒకడెక్కువని ఎవరు లెక్కపెడతారు?”

వెంకటనర్సయ్య నోట్‌బుక్ తీశాడు.

“సైనికుణ్ణి ఎట్ల తయారుచేస్తరు?”

“మేం చెయ్యమండీ. అడుగుతాం. సినిమాకి జూనియర్ ఆర్టిస్టులు కావాలంటే డైరెక్టరు రోడ్డెక్కి మనుషుల్ని పట్టుకురాడు కదా. వందమంది కావాలని ఏజెంటుకి చెప్తాడు. ఎవర్ని పంపాలో, ఏ డ్రెస్ వెయ్యాలో ఏజెంటే చూసుకుంటాడు. ప్రోగ్రామ్‌లో నేనూ అలాగే రాశాను. పుస్తకాల్లో దీన్ని ఫ్యాక్టరీ అంటారు. ఆ పేరు ఇక్కడెవరికీ ఎక్కదని ఏజెంట్ అని పెట్టాను.”

“లాభమేంది?”

“మార్పులన్నీ ఒక్కచోటే. సోమవారం పదిన్నరకి డైరెక్టరుగారు ఫోన్ చేసి ఎర్ర తలపాగాలొద్దు, నీలం కావాలన్నారు. ఏజెంట్‌లో ఒక్క మాట మార్చాను. పన్నెండు వందల తలపాగాలూ మారాయి.”

“పడిపొమ్మని చెప్పేది?”

“ఏజెంటే. తన లిస్టులో ఉన్నవాళ్లకే ఆ ఆర్డరు వెళ్తుంది. వాళ్ల డాళ్ల మీద నంబర్లుంటాయి.”

వెంకటనర్సయ్య తెర దగ్గరికి వంగాడు. ముసలివాడి డాలు మీద నంబరు లేదు.

“ఏజెంటును అడగకుండ నేరుగ చేయొచ్చా?”

“కుదరదండీ. ఆ దారికి తాళం వేశాను. ఏజెంట్‌కి తప్ప ఎవరికీ తెరుచుకోదు.”

చెప్పాక కాశీవిశ్వనాథం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

ముసలివాడి మొహం ఒక్కటీ ప్రింటు తీయించుకుని పన్నెండూ పదికి వెంకటనర్సయ్య బయటికెళ్లాడు. జూనియర్ ఆర్టిస్టులు పనికోసం ఎదురుచూసే టీకొట్ల దగ్గర, ఎర్రటెండలో, ఒక్కొక్కరికీ చూపించాడు. తిరిగొచ్చేసరికి రెండు నలభై.

మూడింటికి ముగ్గుర్నీ అదే గదిలో కూర్చోబెట్టాడు.

“సార్, ఈయన తలపాగ చూసిన్రా?”

“ఎర్రది. అయితే?” అన్నాడు సూర్యప్రకాశరావు.

“సోమవారం ఏజెంటు పంపినోళ్లందరికీ రంగు మారింది. ఈయనకు మారలే. అంటే ఈయన ఏజెంటుకు తెల్వకుండ, సోమవారానికి ముందే వచ్చిండు. మంజులత చేరింది మంగళవారం. ఈ బిడ్డ వచ్చేసరికి ఈడ ఎరుపన్నదే లేదు.”

మంజులత మొదటిసారి తలెత్తింది.

“మరెవరు?” అన్నాడు ఓనరు.

“తాళం వేసినోడే. ఆయనకు మారు తాళంచెవి చేసుకునుడు పెద్ద పనా?”

ప్రింటు బల్లమీద పెట్టాడు. “లక్ష్మయ్య. జూనియర్ ఆర్టిస్టు. జనవరిల పోయిండు. మోతీనగర్ల, నీ గదిలనే. అవునా కాశీవిశ్వనాథం?”

“అవునండీ.” ప్రింటుని తనవైపు తిప్పుకున్నాడు. “పదకొండేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ముప్పై ఏళ్లు గుంపులో నిలబడ్డాడు. ఒక్క సినిమాలోనూ మొహం కనపడలేదు. చివరి రెండేళ్లూ ఏజెంటు పిలవనేలేదు. రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇవాళ పిలుస్తాడని కూర్చునేవాడు. ఉన్న ఒక్క ఫొటో స్కాన్ చేశాను. అందుకే... ఏజెంటుని అడగబుద్ధి కాలేదండీ.”

“ఈ పిల్ల మీద నింద పడుతుంటే చూసుకుంట కూసున్నవా?”

“చెప్తే తీసేస్తారండీ. ఇంకొక్క పూటైనా ఉంటాడని...”

చేసింది తప్పు. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు.

“ముందు ఆ ముసలివాణ్ణి తీసెయ్యండి!” అన్నాడు సూర్యప్రకాశరావు.

“తీసేసుడెందుకు సార్?” అంది మంజులత, కాశీవిశ్వనాథం వైపు చూడకుండానే. “ఏజెంటుతోని పిలిపిస్తే అయిపాయె.”

సూర్యప్రకాశరావు గడియారం చూసుకుని, కానిమ్మన్నాడు.

ఆమె కీబోర్డు ముందుకి జరిగింది. డాలు మీద 1201 పడింది. తలపాగా నీలమైంది. యుద్ధం మొదలైంది. చివరి బాణానికి అందరితోపాటు లక్ష్మయ్యా కూలాడు. ఎక్కడ పడ్డాడో కూడా కనపడలేదు.

కాశీవిశ్వనాథం అప్పుడు ఏడ్చాడు. జనవరిలో ఏడ్చాడో లేదో.

ఇవాళ్టికి ఇంటికెళ్లమని, రేపు మాట్లాడతానని ఓనరు అతన్ని పంపేశాడు. గేటు దాటాక వెంకటనర్సయ్య అడిగాడు.

“గదిల ఇంకెవరున్నరు?”

“ఎవరూ లేరండీ.”

“నాది బోరబండ, నీ పక్కనే. మా ఇంట్ల చాయ్ తాగి పోదువు, నడువు.”

ఇద్దరూ బస్సెక్కారు. సీటు దొరికాక కాశీవిశ్వనాథం మెల్లగా అన్నాడు.

“ఇంట్లో పాలున్నాయాండీ?”

వెంకటనర్సయ్య నోట్‌బుక్ తీసి ‘పాలు’ అని రాసుకున్నాడు. ఆయన్ని ఇంటి సంగతి ఒకరు అడిగి నాలుగేళ్లయింది.