ఒంటి తెడ్డు

సారక్క అతని చెయ్యి పట్టుకుని పడవలోకి లాగుదామనుకుంది. పిడికిట్లోకి వచ్చింది మాత్రం ఉత్త కోటు గుడ్డ.

సిరొంచ రేవులో, తొలకరి వాన చినుకులు పడుతుండగా జరిగిందది. ఆమె తండ్రి దుర్గయ్య ప్రాణహిత దాటించే పడవ మనిషి. ఒక తెడ్డు ఆయన వేస్తే, రెండో తెడ్డు సారక్క వేస్తుంది. ఎవరో కోటు తొడుక్కున్న మనిషి ఒడ్డున బురదలో జారుతూ కనిపిస్తే, "చెయ్యియ్యి, జల్ది," అని తానే చెయ్యి చాచి దొరికింది పట్టుకుంది. కోటు చెయ్యి సాగింది కానీ లోపల ఏమీ లేదు. సారక్కకు పై ప్రాణం పైనే పోయింది.

"అది కాదు, ఇంకోటుంది. ఇది పట్టుకో," అన్నాడతను తాపీగా, ఎడమ చెయ్యి చాపుతూ.

"జర ముందుగాల చెప్తే నీ సొమ్మేం పోతది?"

"చెప్తే నువ్వు చెయ్యి చాపకపోదువు."

సారక్కకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. చివరికి తిట్టింది. అవతలి ఒడ్డు చేరేదాకా తిడుతూనే ఉంది, అతను వింటూనే ఉన్నాడు. దిగేటప్పుడు, "మళ్ళ ఎప్పుడు తిడుతవ్?" అని అడిగాడు. ఇలాంటి వాణ్ణి ఏం చేయాలి చెప్పండి.

అతని పేరు గట్టయ్య. అంకిసలో బెస్తల పిల్లవాడు. నడక నేర్చినప్పటినుంచీ గోదావరిలో తెడ్డు వేసినవాడు. అప్పట్లో తెల్లదొరలు గోదావరి మీద పొగ పడవలు నడిపిస్తామని, అడ్డమొచ్చిన బండలన్నీ మందు పెట్టి పేల్పించారు. గట్టయ్య ఆ పనిలో కూలికి చేరాడు. ఒకనాడు మందు వేళ కాకముందే పేలింది. గట్టయ్య కుడి చెయ్యి మోచేతి పైదాకా పోయింది. దెబ్బ తగిలినవాళ్ళకు సర్కారు నెలనెలా బత్తెం కట్టింది. జొన్నలు కొలిచి ఇచ్చేవారు. పోతూ పోతూ ఒక దొర తన పాత కోటు కూడా ఇచ్చాడు. ఆ కోటు గట్టయ్య ఎండలోనూ విప్పేవాడు కాదు. ఖాళీ చేతిని జేబులో దోపి, ఏదో ఆలోచిస్తున్న పెద్దమనిషిలా నిలబడేవాడు. పొగ పడవ మాత్రం రానేలేదు. పనులు మధ్యలోనే బందైపోయాయి.

ఆ ఏడాదంతా గట్టయ్యకు ప్రాణహిత దాటే పనులు ఎక్కడివో తెగ వచ్చాయి. అవతలి ఒడ్డున అతనికి చుట్టమంటూ ఎవరూ లేరని దుర్గయ్యకు తెలుసు. అయినా ఊరుకున్నాడు. సారక్క అతనికి ఒంటి చేత్తో, పళ్ళతో మోకు ముడి వేయడం నేర్పింది. ముడి తప్పినప్పుడల్లా నెత్తిన మొట్టింది.

"తెడ్డు గూడ నేర్పాల్నా?" అని ఆమె అడిగితే, "నాకు తెడ్డు నేర్పుతవా, నేను బెస్తోణ్ణి. కావాల్నంటే ఒక్కణ్ణే నడుపుత ఈ పడవను," అనేవాడు. కానీ ఏనాడూ పట్టలేదు. సారక్క కూడా బలవంతం చేయలేదు.

"నెలకిన్ని గింజలొస్తయి, నువ్వు రేవు చూస్కుంటవ్, ఇల్లు గడుస్తది," అని దుర్గయ్య ఒప్పుకున్నాడు. వానలు వెనకబట్టాక పెళ్ళి అనుకున్నారు.

అంతలో శ్రావణంలో నాగపూర్‌నుంచి ఆర్డర్ వచ్చింది. ఏదో ఒక పని చేయగలిగినవాళ్ళకు ఇక బత్తెం లేదు. ఎవరు చేయగలరో చూసి రాయడానికి తాసీల్దారు కింది అధికారి నాయబు సాబ్ కచేరిలో కూర్చుంటాడు.

సారక్క ముందురోజే గట్టయ్య తలకు నూనె పెట్టింది. కోటు ఉతికి ఆరేసింది.

"అధికారి ముంగట బిచ్చపోని లెక్క నిలబడకు," అని బుద్ధి చెప్పింది. "మనం దానమడుగుతలేం. మంచిగ నిలబడు. మోకు ముడి ఏసి సూపియ్యి."

"ముడి తప్పితే?"

"ఇంటికొచ్చినంక మొట్టుత."

ఆమె ఒక్కతే కాదు, అందరిదీ అదే ఆలోచన. సర్కారు మనిషి దగ్గరికి పోవడమంటే పెళ్ళికి పోయినంత మర్యాద కదా. బండ పడి కాలు నలిగిన సోమక్క పెళ్ళినాటి చీర కట్టుకుని, చేతికర్రను కచేరి గోడ వెనక దాచేసి, పళ్ళు బిగబట్టి నడిచింది. మందు మంటకు రెండు కళ్ళూ పోయిన శంకరన్న, తన్నెవరూ చెయ్యి పట్టి నడిపించవద్దన్నాడు. నెలనెలా గింజలకు వచ్చిన వాకిలి గనక తిన్నగా వెళ్ళి, నాయబు పూసుకున్న అత్తరు వాసనను బట్టి సరిగ్గా ఆయన ఎదుటే ఆగి దండం పెట్టాడు. చూస్తున్న సారక్కకు ముచ్చటేసింది. ఖాళీ కోటు చెయ్యిని జేబులో దోపి నిలబడ్డ గట్టయ్య అయితే పెళ్ళికొడుకే. మోకు ముడి ఒక్క గుంజుడుకు బిగిసింది.

నాయబు చెడ్డవాడేమీ కాదు. కాస్త తొందర మనిషి. పని ముగించుకుని కాళేశ్వరం పోయి దేవుణ్ణి చూసుకోవాలని ఉంది ఆయనకు. సాయంత్రానికి లేచి నిలబడి తాను రాసింది వినిపించాడు.

"సోమక్క. బాగా నడుస్తుంది, దంపుడు పని చేయగలదు. బత్తెం బంద్. శంకరన్న. చూపు కొంత ఉంది. బంద్. గట్టయ్య. పడవ నడపగలడు. బంద్."

ఇంకా చదివాడు. అన్నీ బందే. నాయబు చదివింది వేరే ఊరివాళ్ళ పేర్లేమో అన్నట్టు జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సారక్క ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. నూనె పెట్టింది తాను. కోటు ఉతికింది తాను. ఏడాదంతా ముడి నేర్పింది తాను. ముద్ద మీద మన్ను పోసింది కూడా తానే. గట్టయ్య వైపు చూసి ఆమె ఇంకా బిత్తరపోయింది. అతను నవ్వుతున్నాడు.

"నవ్వుతున్నవా?"

"ఇన్నవా సారక్కా? పడవ నడపగలడని రాసిండు. ఎన్ని దినాలైంది గా మాట ఇని."

"గింజలు పోయినయ్. సమజైందా?"

"అయింది. అయినా..." అని ఆగాడు.

"నడుపుతవా మరి? నా ముంగట ఏనాడన్న తెడ్డు పట్టినవా?"

గట్టయ్య నవ్వు ఆగిపోయింది. చూపు తిప్పేసుకున్నాడు.

దుర్గయ్య మెల్లగా వచ్చాడు. "బిడ్డా, పెండ్లి ముచ్చట ఇగ తియ్యకు. నేను చెడ్డోణ్ణి కాను. నా ఒక్క పడవ మీద రెండు ఇండ్లు ఎట్ల బతుకుతయి? మీరు ఉపాసముంటే చూడబుద్ధి కాదు నాకు."

ఆ పక్కనే సోమక్క పెళ్ళి చీరతో బురదలో కూలబడి ఉంది. "నా కట్టె ఎవ్వలన్న తెచ్చియ్యుండ్రి," అంటోంది. "అన్నం లేకుంటే లేకపాయె. ఇంటికన్న పోత." గట్టయ్య గోడ వెనక నుంచి కర్ర తెచ్చి ఆమె చేతికిచ్చాడు. లేపడానికి ఒక్క చెయ్యి చాలలేదు. సారక్క రెండో పక్క పట్టుకుంది. ఆ నిమిషంలో అతని మొహం ఎట్లా అయిపోయిందో ఆమె మరిచిపోలేదు.

అప్పుడే నాయబు కొబ్బరికాయల మూటతో రేవులోకి దిగాడు. "పడవ ఎవరిది? పొద్దు గుంకకముందే కాళేశ్వరం చేరాలి."

దుర్గయ్య ముందుకు రాబోయాడు. గట్టయ్య అడ్డం నిలబడ్డాడు.

"నేను తీస్కపోత సాబ్. నడపగలనని మీరే రాసిండ్రు గద."

"అచ్ఛా, పద," అన్నాడు నాయబు సంతోషంగా.

ఓహో, నడవదని చూపియ్యడమా నీ ఉపాయం, అనుకుంది సారక్క. ఆపబోయిన తండ్రిని కళ్ళతోనే వద్దంది. తనూ పడవెక్కి, తన తెడ్డును కాళ్ళ కింద పెట్టుకుని, వ్రతానికి కూర్చున్న ముత్తైదువలా చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ప్రాణహిత ఎర్రగా, నిండుగా ఉంది. గట్టయ్య తెడ్డు వేశాడు. పడవ కాస్త ముందుకు పోయింది, పోయి పక్కకు తిరిగింది. ఇంకోసారి వేశాడు. ఇంకా తిరిగింది. కాసేపటికి కాళేశ్వరం వైపు చూస్తూ కూర్చున్న నాయబుకు మళ్ళీ సిరొంచ కచేరి కనిపించింది.

"ఇదేమిటి, వెనక్కి పోతున్నామా?"

"లేదు సాబ్. తిరుగుతున్నం," అంది సారక్క.

మళ్ళీ కాళేశ్వరం వచ్చింది. మళ్ళీ కచేరి వచ్చింది. ఒడ్డున జనమంతా నోళ్ళు తెరిచి చూస్తున్నారు. కొబ్బరికాయలు పడవలో దొర్లుతున్నాయి. గట్టయ్య పళ్ళు బిగబట్టి తెడ్డు వేస్తూనే ఉన్నాడు. ఎంత బాగ నాటకమాడుతున్నడు అనుకుని, నవ్వు రాకుండా సారక్క పెదవి కొరుక్కుంది. పడవ మాత్రం కిందికి, గోదావరి కలిసే చోట సుడి వైపు జారుతోంది.

"అమ్మాయీ, నీ కాళ్ళ కింద ఇంకో తెడ్డు ఉంది. పట్టుకో," అన్నాడు నాయబు. పడవ అంచును గట్టిగా పట్టుకున్నాడు.

"నేను పడితే ఎట్ల సాబ్? గట్టయ్య ఒక్కడే నడుపుతడని రాసిండ్రు. రాసింది తప్పైతది గద."

అప్పుడు గట్టయ్య తెడ్డును మోకాళ్ళ మధ్య ఇరికించి, కోటు విప్పి పడేశాడు. విప్పుతాడని ఆమె కలలో కూడా అనుకోలేదు. భుజం కింద కొంచెం చెయ్యి, దాని చివర ముడతలు పడ్డ కాలిన చర్మం. వానలో అది నిగనిగలాడింది. ఇప్పటిదాకా సారక్క కూడా చూడలేదు దాన్ని. నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది.

తెడ్డు పిడిని గట్టయ్య ఆ మొండి చేతి కింద అదిమిపట్టి, ఇంకోసారి వేశాడు. పిడి జారిపోయింది. మళ్ళీ అదిమాడు. మళ్ళీ జారింది.

నాయబు ఆ చేతి వైపు వంగాడు. "ఇది... ఇది నాకెందుకు చూపలేదు?"

"మీరు అడగలేదు సాబ్," అన్నాడు గట్టయ్య రొప్పుతూ. "పెద్దల ముంగట బట్టిప్పి చూపించుకునేదా ఇది? సోమక్క కట్టె గూడ అందుకే దాసింది. శంకరన్నకు పొద్దు కూడ కనవడదు. మర్యాద కొరకు ఒక్కడే నడిచొచ్చిండు."

సుడి చప్పుడు వినిపిస్తోంది. నాయబు మొహం పాలిపోయింది, కానీ ఆ మాటకు వచ్చిన సిగ్గు కూడా అందులో ఉంది.

"ఆర్డర్ నాగపూర్‌ది. అది మార్చడం నా చేతిలో లేదు. ఎవరు ఏం చేయగలరో రాసేది మాత్రం నేను. రేపు పొద్దున మళ్ళీ కూర్చుంటా. ఎవరి కర్రతో వాళ్ళను రమ్మనండి. ఇప్పుడు నువ్వు తెడ్డు పట్టమ్మా."

సారక్క పట్టింది. రెండు తెడ్లు పడేసరికి పడవ ముక్కు కాళేశ్వరం వైపు తిరిగింది.

నాయబు మాట తప్పలేదు. మర్నాడు సోమక్క మళ్ళీ పెళ్ళి చీరే కట్టుకుంది, ఈసారి చేతికర్రతో వచ్చింది. సాయంత్రానికి అందరి గింజలూ తిరిగొచ్చాయి. దుర్గయ్య ఏమీ అనకుండా పోయి పెళ్ళికి పందిరి గుంజలు కొట్టుకొచ్చాడు. ఆయన పద్ధతి అంతే.

ఆ సాయంత్రం రేవులో గట్టయ్య కోటు లేకుండా కూర్చుని ఉన్నాడు. సన్నగా వాన పడుతోంది.

"ఏం నాటకమాడినవయ్యా," అంది సారక్క పక్కన కూలబడుతూ. "నాయబును బొంగరం లెక్క తిప్పినవ్."

గట్టయ్య నీళ్ళవైపు చూశాడు. "నాటకం కాదు సారక్కా. పాణం పెట్టి నడిపిన."

ఆమె బిత్తరపోయింది.

"నడిస్తే నీ ముంగట తలెత్తుకుందుననుకున్న. నడవకపోతే సోమక్క గింజలొస్తయనుకున్న. ఎట్లైన నష్టం లేదనుకున్న. కని నువ్వు చూస్తుండంగ తెడ్డు జారితే గంత బాధైతదని తెల్వలే."

తాను పెదవి కొరుక్కుని ఆపుకున్న నవ్వు గుర్తొచ్చింది సారక్కకు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి పడవలోకి దిగి, తన తెడ్డు తీసుకుని, ఒడ్డున ఉన్నవాడి వైపు చెయ్యి చాపింది.

"చెయ్యియ్యి."

"యాడికి?"

"నీ తెడ్డు ఒకపక్క, నా తెడ్డు ఒకపక్క. పడవ తిన్నగ పోతదా లేదా చూద్దాం. చెయ్యియ్యి, జల్ది."

గట్టయ్య ఎడమ చెయ్యి చాపాడు.

"అది కాదు. ఇంకోటి," అంది సారక్క.

గట్టయ్య మెల్లగా కుడి భుజాన్ని ఆమె వైపు తిప్పాడు. సారక్క ఆ కాలిన మొండి చేతిని రెండు చేతులా పట్టుకుని పడవలోకి లాక్కుంది.