నూట పదిహేడో బిళ్ల

కెరోలిన్‌కి ఒక పిచ్చి. ఊళ్లో పాటలు పాడే పిల్లలను స్టేజీ ఎక్కించదు, ఎవరూ పాడని చోట నిలబెట్టి వీడియో తీస్తుంది. గోదావరిఖనిలో నీళ్ల ట్యాంకు కింద ఒక పాట తీసింది, మంచిర్యాలలో మూతపడ్డ రైసు మిల్లులో ఇంకొకటి. పాడటానికి చర్చి లేదా అని పక్కింటివాళ్లు నవ్వినా పట్టించుకోదు. ఈసారి తమ్ముడు డానీ బ్యాండు వంతు. వాడి గిటారు, టోనీ డ్రమ్స్, రెజీనా గొంతు. చోటు మాత్రం కెరోలినే ఎంచుకుంది. కమాన్‌పూర్ తోవలో పదేళ్ల కిందట మూసేసిన బొగ్గుబాయి, దిగే ముందు కార్మికులు దీపాలు తీసుకునే దాని లాంపు రూం.

వాళ్ల బాపు దయాసాగర్ ఆ బాయిలోనే ముప్పై ఏళ్లు డ్యూటీ చేసి రిటైరయ్యాడు. వద్దని అనలేదు. అంటే వినే పిల్ల కాదని ఆయనకు తెలుసు. ఆ రూంలో గోడ నిండా కొక్కేలు ఉంటాయని, ఒక్కోదానికి నంబరున్న ఇత్తడి బిళ్ల వేలాడుతుందని చెప్పాడు. దిగేవాడు తన బిళ్ల తీసుకుని దిగుతాడు, పైకొచ్చాక తన చేత్తోనే తగిలిస్తాడు. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. వెతకడానికి జనం దిగుతారు.

దయాసాగర్ ఒక్కసారే ఆ పద్ధతి తప్పాడు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట, షిఫ్టు అయిపోయి పైకొస్తుంటే, తోటివాడు ఆగయ్యకు టిఫిను డబ్బా మరిచిన సంగతి గుర్తొచ్చింది. దయన్నా, నాది గూడ పెట్టెయ్ అని బిళ్ల చేతిలో పెట్టి వెనక్కి మళ్లాడు. దయాసాగర్ దాన్ని తగిలించి, ఇంటికెళ్లి, అన్నం తిని పడుకున్నాడు. లోపల కప్పు కూలింది. కొక్కేలన్నీ నిండుగా ఉన్నాయి కనుక ఎవరూ వెతకలేదు. పొద్దున ఆగయ్య భార్య సారవ్వ వచ్చి, మా ఆయనేడి అని అడిగితే గాని తెలియలేదు. అప్పటికే ఆలస్యమైపోయింది. శవం చేతిలో ఒక రాయి దొరికింది. దాని అంచు అరిగిపోయి ఉంది. రాత్రంతా గోడను కొట్టి పిలిచాడన్నమాట.

"ఎవరి బిళ్ల వాళ్లే పెట్టాలె బిడ్డా," అన్నాడు దయాసాగర్. "గదొక్కటి యాదుంచుకో."

మధ్యాహ్నం వాచ్‌మన్ ముత్యం తాళం తీశాడు. కిటికీ అద్దాల మీద మసి పేరుకుపోయి బయటి ఎండ లోపలికి రావడమే లేదు. పాత నూనె వాసన, తడిసిన బొగ్గు వాసన. బాయిలోకి పోయే దారిని ఇటుకలతో మూసేశారు. ముగ్గురూ మెడలో తలా ఒక బిళ్ల వేసుకుంటే చూడటానికి బాగుంటుందని కెరోలిన్‌కే తోచింది. బిళ్లలన్నీ చిలుము పట్టి ఉన్నాయి. ఒక్క నూట పదిహేడు మాత్రం రోజూ ఎవరో తుడుస్తున్నట్టు మెరుస్తోంది. డానీ దాన్నే తీసుకున్నాడు.

పాట అద్భుతంగా వచ్చింది. కెరోలిన్‌కి ఒళ్లు పులకరించింది. డ్రమ్ము ఆగాక మాత్రం ఇటుకల గోడ వెనక నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. రూం ఖాళీగా ఉంటే గట్లనే మోగుతదిలే అన్నాడు టోనీ.

అంతలో దూరంగా వేరే బాయి సైరన్ మోగింది. జల్ది కానియ్యండని ముత్యం తొందరపెట్టాడు. టోనీ, రెజీనా తమ బిళ్లలు తగిలించి డ్రమ్ములు మోసుకుపోయారు. డానీ బిళ్ల బల్ల మీదే ఉంది.

"అక్కా, నాది గూడ పెట్టెయ్." వెనక నుంచి డానీ గొంతు.

కెరోలిన్ తల తిప్పలేదు. వాడి చేతుల్లో గిటారు, స్పీకరు ఉంటాయి కదా అనుకుంది. బాపు మాట గుర్తొచ్చింది. వచ్చినా, ఒక్క కొక్కేనికి ఏమవుతుందిలే అని తగిలించేసింది. బిళ్ల చల్లగా ఉంది, తడిగా కూడా ఉంది. బయట వ్యానులోంచి డానీ నవ్వు వినిపిస్తుంటే, నడుస్తున్న కెమెరా ఆపి సర్దుకుని వచ్చేసింది.

దారి పొడుగునా డానీ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఇంటికి రాగానే స్నానానికి పోయాడు. కెరోలిన్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని వీడియో చూస్తూ కూర్చుంది. పాట అయిపోయింది. సైరన్ మోగింది. తెరమీద తను బిళ్ల తగిలిస్తోంది. బయట డానీ నవ్వు. అదే క్షణంలో... గోడ వెనక నుంచి... సన్నగా...

"అక్కా... నేనింకా పైకి రాలె..."

అదీ డానీ గొంతే.

వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. నవ్వు బయట ఉంది. ఏడుపు లోపల ఉంది. రెండూ ఒక్కసారే. ఆ తర్వాత దెబ్బలు. మూడు... ఆగి, మూడు...

హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చి, కెమెరా పట్టుకుని బాపు దగ్గరికి పరుగెత్తింది. తప్పయిందని, తమ్ముడి బిళ్ల తనే పెట్టానని చెప్పింది.

"నంబరెంత?" గొంతు తగ్గించి అడిగాడు దయాసాగర్.

"నూట పదిహేడు."

అది ఆగయ్య నంబరు. ఆయన బాత్‌రూం తలుపు వైపు చూశాడు.

బాత్‌రూంలో నీళ్ల చప్పుడు ఆగింది. ఎవరో ముసలి దగ్గు దగ్గుతున్నారు. తలుపు కింది నుంచి నల్లటి నీళ్లు పారి వస్తున్నాయి. తలుపు తెరుచుకుంది. భుజం మీద తువ్వాలతో డానీ నిలబడ్డాడు. అక్క వైపు చూడలేదు. దయాసాగర్‌నే చూస్తూ నెమ్మదిగా అడిగాడు.

"దయన్నా... నా డబ్బా ఏడుంది?"

కెరోలిన్‌కి తమ్ముడా అని పిలవాలని ఉంది. కానీ ఎవరిని పిలవాలి... ఇక్కడున్నవాణ్నా, అక్కడున్నవాణ్నా?

మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్లలోంచి దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి. మూడు... ఆగి, మూడు... తెరమీద వీడియో ఎప్పుడో అయిపోయింది.