వంక లేని బండి

బిందుమాధవి మొదటిసారి నాచారం షెడ్డుకు వచ్చింది దెబ్బలాడటానికే.

అప్పుడు దయాకర్ ఒక వ్యాను కింద వెల్లకిలా పడుకుని పని చేస్తున్నాడు. ముందు చెప్పులు కనిపించాయి. ఆ తర్వాత గొంతు వినిపించింది.

"నిన్న రామంతాపూర్‌లో మా నాన్నగారికి ఎర్ర కారు వద్దని చెప్పింది మీరేనా?"

"నేనే మేడం." కింది నుంచే జవాబిచ్చాడు.

"ఎందుకు వద్దన్నారు?"

"అది రెండు బండ్లను కోసి అతికిన బండి మేడం. ముందు సగం ఒకదానిది, ఎన్క సగం ఇంకోదానిది."

"చూడ్డానికి అంత బాగుంటేనూ?"

"రంగు సూసి కొననీకె అది చీరె కాదు గదా."

చెప్పులు రెండడుగులు వెనక్కి వెళ్లాయి. ఈ మాట అనకుండా ఉండాల్సిందేమో అనుకుంటూ దయాకర్ బయటికి జరిగాడు. ఎదురుగా ఒక అమ్మాయి. వేళ్ల మీద చాక్‌పీసు పొడి, భుజాన బరువైన బ్యాగు, ముక్కు మీద కోపం. ఆ కోపం ఆ ముక్కుకి ఎంత బాగా నప్పిందంటే, చేతిలో స్పానర్ ఉన్న సంగతే మరిచిపోయాడు.

"చీరైనా నేను రంగు చూసి కొనను. మడత విప్పి, అంచు తిప్పి చూస్తాను," అందామె. "వచ్చే ఆదివారం నేనూ వస్తాను. మీరు బండిని ఎలా చూస్తారో నేను చూడాలి."

వాళ్లది ఉప్పల్. నారపల్లి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె లెక్కలు చెబుతుంది. అది తెలంగాణ కోసం వారానికో బంద్ జరుగుతున్న రోజులు. బస్సు వస్తుందో రాదో తెలియదు, వచ్చే షేర్ ఆటోలో ఒక కాలు మాత్రమే లోపల పడుతుంది. ఆమె తండ్రి పరంధామయ్య ముప్పై ఏళ్ల కింద తెనాలి నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాడు. రిటైరయ్యేలోగా కూతురికి ఒక సెకండ్ హ్యాండ్ కారు కొనిపెట్టాలని ఆయన పట్టుదల. నాచారం దయాకర్ ఊ అంటే కళ్లు మూసుకుని కొనేయొచ్చని ఎవరో చెప్పారు.

ఆ పేరు ఊరికే రాలేదు. జనగామ నుంచి వచ్చిన మేనల్లుడు దయాకర్‌కు పని నేర్పుతూ మొదటి రోజే షెడ్డు యజమాని ఉప్పలయ్య ఒక మాట చెప్పాడు. "బండి సంగతిల ఒక్కసారి అబద్ధమాడినవంటే, ఇగ నీ నోట్లకెళ్లి వచ్చిన ఏ మాటకూ ఇలువ ఉండది బిడ్డా." దయాకర్ పదేళ్లుగా ఆ మాట తప్పలేదు.

మామ దగ్గర నేర్చుకున్న పరీక్ష కూడా ఒకటుంది. కార్పెట్లెత్తి తుప్పు చూసి, నూనె చూసి, నడిపి చూశాక, చివరికి ఇంజన్ ఆన్ చేసి దాని మీద పాత మందపాటి ఐదు రూపాయల బిళ్లను అంచు మీద నిలబెడతాడు. బిళ్ల నిలబడితే ఇంజన్ ఒంట్లో వణుకు లేనట్టు.

ఆ ఆదివారం మలక్‌పేటలో బిళ్ల పెట్టీ పెట్టకముందే పడింది.

"ఇదేనా మీ సైన్సు?" బిందుమాధవి నవ్వింది.

"మీరు సైన్సు అన్నా సరే, సర్కస్ అన్నా సరే. ఈ బండి మాత్రం వద్దు."

తర్వాతి ఆదివారం కూకట్‌పల్లి. అక్కడ బండి చూస్తుండగానే వాన పట్టుకుంది. పరంధామయ్య డీలర్ గదిలో టీ తాగుతున్నాడు. ఎత్తి పెట్టిన బానెట్ కింద ఇద్దరూ తలలు దాచుకున్నారు. ఆమె జడ తడిసి, చివర నుంచి నీళ్లు సరిగ్గా బ్యాటరీ మీద పడుతున్నాయి.

"మేడం, మీ జడ జర పక్కకు పెట్టుకోండ్రి. కరెంటు కొడతది."

"జడకా, మీకా?"

ఆ బండి సైలెన్సర్‌కు చిల్లి ఉందని చెప్పాడు దయాకర్.

ఆ తర్వాత వరంగల్. బస్సులో పరంధామయ్య కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. చక్రం ఒకసారి తిరగాలంటే టాప్ గేరులో ఇంజన్ ఎన్నిసార్లు తిరగాలని ఆమె అడిగింది. దయాకర్ వేళ్ల మీద లెక్కగట్టి చెప్పాడు. మా ఫస్టియర్ పిల్లలకంటే నయమే అంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని అతను వారమంతా ఈల వేస్తూ పని చేశాడు.

"ఆదివారం వస్తే గోళ్లకు బ్రష్ పెట్టి రుద్దుకుంటున్నవ్," అన్నాడు ఉప్పలయ్య. "ఏంది కథ?"

"గ్రీజు మామ."

"గ్రీజు సోమవారం గూడ ఉంటది కదరా."

వరంగల్ బండి కూడా పనికిరాలేదు. వరదలో మునిగిన బండి. వద్దని చెబుతున్నప్పుడు తన గొంతులో సంతోషం తనకే వినిపించి దయాకర్ ఉలిక్కిపడ్డాడు. వంకలన్నీ నిజమైనవే. కానీ నిజాయితీగా ఉన్నందుకు ఇంత సంబరపడటం అతనికి ఎప్పుడూ అలవాటు లేదు. ఏదో ఒక ఆదివారం మంచి బండి దొరుకుతుంది. తను ఊ అంటాడు. ఆ రోజుతో ఆదివారాలన్నీ అయిపోతాయి. ఆ పిల్ల మీద ప్రేమ పుట్టిందని అతనికి అప్పుడే అర్థమైంది.

నాలుగు రోజుల తర్వాత ఫోన్. ఈసారి విజయవాడ అంది బిందుమాధవి.

"విజయవాడనా? మన దగ్గర బండ్లు కరువైనయా మేడం?"

"ఇంటర్నెట్‌లో నాకు అక్కడే కనబడింది. మా వైపు బండి కొనడానికి మీకేమైనా అభ్యంతరమా?"

"ఇంజన్‌కు మీ దిక్కు, మా దిక్కు ఉండది. తెల్లారి బస్సుకు వస్త."

విజయవాడ ఎండ గురించి విన్నాడు కానీ, ఇంతగా ఉంటుందనుకోలేదు. డీలర్ ఆవరణలో వేపచెట్టు నీడన బూడిద రంగు చిన్న కారు నిలబడి ఉంది. ఒక డాక్టరమ్మ ఏడేళ్లు వాడిందట. దయాకర్ కార్పెట్లెత్తాడు. తుప్పు లేదు. కిందికి దూరాడు. నూనె చుక్క లేదు. రింగ్ రోడ్డు మీద నడిపి తెచ్చాడు. గేరు వెన్నలా పడుతోంది. ఒక్క వంకైనా దొరక్కపోతుందా అని తలుపులు నాలుగూ మూడేసి సార్లు తీసి వేశాడు.

పరంధామయ్య కాగితాలు చూడటానికి డీలర్ గదిలోకి వెళ్లాడు. దయాకర్ ఇంజన్ ఆన్ చేసి బిళ్ల నిలబెట్టాడు. అది గుడి ముందు ధ్వజస్తంభంలా కదలకుండా నిలబడింది.

గేర్ బాక్స్ పోయింది అంటే చాలు, ఇంకో ఆదివారం దొరుకుతుంది. ఎవరూ కాదనరు. ఆమె షేర్ ఆటోలో ఒంటికాలి మీద వేలాడటం కళ్ల ముందు మెదిలింది.

"కొనండ్రి మేడం," అన్నాడు. "బండికి వంక లేదు."

బిందుమాధవి ముఖం వాడింది. "సరిగ్గా చూశారా?"

"సూసిన."

"కింద?"

"రెండుసార్లు."

"మరి బిళ్ల పడిపోయిందేం?"

తిరిగి చూస్తే నిజంగానే పడిపోయింది. గాలి వచ్చిందేమో అనుకుని మళ్లీ నిలబెట్టాడు. ఈసారి కళ్లు తిప్పుకోలేదు. ఆమె కొంగు సర్దుకుంటున్నట్టు వంగి, పెదవులు ముడిచి, ఉఫ్ అని ఊదింది.

"మేడం, మీరు ఊదిన్రు."

"లేదు."

"నేను సూసిన."

"చూస్తే చూడనట్టు ఉండాలి." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "రామంతాపూర్, మలక్‌పేట, కూకట్‌పల్లి, వరంగల్, విజయవాడ. మీకేమీ అనిపించలేదా? ఒక్కోటి అంతకుముందు దానికంటే దూరం. లెక్కల్లో దీన్ని సీక్వెన్స్ అంటాం. దీని తర్వాత వైజాగ్ వస్తుంది."

దయాకర్ పడిపోయిన బిళ్లను తీసి చొక్కాకు తుడిచాడు.

"మంచి బండి దొరికితే మీరింక రారుగా," అంది చిన్నగా. "ఒక్క అబద్ధం చెబితే మీ సొమ్మేం పోయింది?"

"బండి సంగతిల చెప్పలేను మేడం. పొద్దుగాల నుంచి ఒక్క వంక దొరకాలని మొక్కుకుంటనే ఉన్న. దొరకలే. బండి మంచిది, అది నిజం. మీరంటే నాకు పానం, అది గూడ నిజమే. రెండూ చెప్పిన. ఇగ మీ ఇష్టం."

"ఏమిటి నా ఇష్టం, ఎన్నిసార్లు ఊదాలి మీకు అర్థం కావడానికి?"

వెనక నుంచి దగ్గు వినిపించింది. పరంధామయ్య కాగితాలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. ఆయన బిళ్ల తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, తానే ఇంజన్ మీద నిలబెట్టాడు. అది నిలబడింది.

"ఈసారి ఎవరూ ఊదకండి," అని మాత్రం అన్నాడు.

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. పరంధామయ్య వెనక సీట్లో కూర్చున్నాడు. దయాకర్ తాళంచెవి బిందుమాధవికి ఇవ్వబోయాడు.

"దానికి డ్రైవింగ్ రాదు," అన్నాడు పెద్దాయన.

దయాకర్ ఆమె వంక చూశాడు. నాలుగు చోట్ల తిరిగి కారు వెతికిన మనిషి నింగి వంక చూస్తోంది.

నందిగామ దాటినా వెనక సీట్లోంచి మాట లేదు. కోదాడ దాటినా లేదు. మెకానిక్‌ను, అందులోనూ ఆ జనగామ మనిషిని, తెనాలి పెద్దమనిషి ఏమంటాడోనని దయాకర్ మాటిమాటికీ అద్దంలోకి చూస్తున్నాడు. ఇక వచ్చే ఆదివారం షెడ్డులోనే అనుకున్నాడు. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు పరంధామయ్య నోరు విప్పాడు.

"డ్రైవింగ్ నేర్పడానికి ఎన్ని ఆదివారాలు పడుతుంది?"

గేరు లెక్కలన్నీ తెలిసిన మనిషికి మూడు చాలు. దయాకర్ టీ గ్లాసులోకి చూశాడు.

"ఏడాది పడుతది సార్."

బండి సంగతిలో అతను ఆడిన మొదటి అబద్ధం అది. మామకు తెలిస్తే తిడతాడు.

"ఏడాదా? నేనంత మొద్దునా?" అంది బిందుమాధవి. కానీ ముఖమంతా నవ్వే.

పరంధామయ్య టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"ఏడాది పాటు ఊరికే పక్కన కూర్చోబెట్టుకుని తిప్పితే నలుగురూ నాలుగు మాటలంటారు. వచ్చే ఆదివారం మీ మామయ్యను తీసుకుని ఇంటికి రా. మాట్లాడుకుందాం. భోజనం మా దగ్గరే."

దయాకర్ గబుక్కున లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు.

"ఆ బిళ్ల కూడా తీసుకురా," అన్నాడు పరంధామయ్య. "వాళ్లమ్మకు చూపించాలి. నేను చెబితే నమ్మదు."